చచ్చిపోయినా అనే మనిషితో వాదించొద్దప్పా

"నువ్వు చచ్చిపోయింటే మరి నాతో ఎట్లా మాట్లాడతాండావ్?"

ఈ ఒక్క ప్రశ్న అడిగేసి ఎదుటి మనిషి నోరు మూయించేసినాం అనుకునేవాళ్ళతో నాకు చాలా కాలం నుంచి పేచీ ఉంది, ఆ పేచీ అంతా ఇక్కడ రాసేస్తా, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి. తాను చచ్చిపోయినానని, లోపల గుండె పేగులు ఏమీ మిగల్లేదని, రక్తం ఎండిపోయిందని గట్టిగా నమ్మే మనుషులు నిజంగానే ఉంటారు. దాన్ని కొటార్ సిండ్రోమ్ అంటారు. యూట్యూబ్‌లో కొట్టి చూడండి, "నడిచే శవాలు", "జాంబీ జబ్బు" అని ఎర్రెర్రగా థంబ్‌నెయిల్స్, వెనకాల దెయ్యం సినిమా మ్యూజిక్. నేను ప్రొద్దుటూరులో మెడికల్ షాపు నడుపుతా, డాక్టర్ని కాదు, కానీ ఈ జబ్బు మా ఇంట్లోనే వచ్చింది కాబట్టి దొరికిందల్లా చదివినా. చదివినాక నాకు అర్థమైంది ఏందంటే, వింత వింత అని మనం నోరు తెరుచుకుని చూసేది చాలావరకు డిప్రెషనే, అది ముదిరి ముదిరి చివరికి పోతే ఈ మాటలు మాట్లాడిస్తుంది, దానితో లాజిక్ పెట్టుకోవడం టైం వేస్టు. మనం ఇక్కడ పాయింట్లు తీస్తుంటాం, అక్కడ మనిషి తిండి మానేసి నీరసించి పోతుంటుంది.

ముందు కొంచెం పాత కథ. జూల్ కొటార్ ఫ్రాన్స్ డాక్టరు. 1880లో పారిస్‌లో తోటి డాక్టర్ల ముందు ఒకామె కేసు చెప్పినాడు, పేరు దాచి మాద్మొజెల్ ఎక్స్ అన్నాడు. 43 ఏళ్ళామె. నాకు మెదడు లేదు, నరాలు లేవు, ఛాతీ లేదు, పొట్ట లేదు, పేగులు లేవు, ఉన్నదల్లా తోలూ ఎముకలే అనేది. దేవుడూ లేడు, సైతానూ లేడు అనేది. ఇంక తిండి ఎందుకు నాకు అనేది. మళ్ళీ అదే నోటితో, నాకు మామూలు చావు రాదు, ఎప్పటికీ ఇట్లే ఉండిపోతా, కాల్చేస్తే తప్ప నాకు అంతం లేదు అని కూడా అనేది. లేదు, లేదు అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయి చివరికి తనను తానే కొట్టేసుకోవడం. కొటార్ 1889లో పోయినాడు, డిఫ్తీరియా వచ్చిన కూతురికి సేవ చేస్తూ అదే అంటుకుని. ఆయన పేరు ఈ జబ్బుకు తగిలించింది ఆయన పోయినాక వేరేవాళ్ళు.

ఇంతకంటే పాత కేసు ఒకటుంది, జెనీవా ఆయన షార్ల్ బొనే 1788లో రాసింది, అది నాకు భలే ఇష్టం. ఒక పెద్దామె వంటింట్లో పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి ఒక పక్క పడిపోయింది. మాట తిరిగి వచ్చినాక మొదట అడిగింది ఏందంటే, నేను చచ్చిపోయినా, నాకు శవానికి కట్టే బట్ట కట్టి పెట్టెలో పడుకోబెట్టండి అని. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే తిట్లు. చివరికి సరే అని ఆ బట్ట కడితే, ఆ బట్ట సరిగ్గా తెల్లగా లేదని వంక పెట్టిందంట! చావులో కూడా గుడ్డ క్వాలిటీ చూసుకునే ఆడమనిషి, ఆమె మా ప్రొద్దుటూరు బట్టల బజారులో పుట్టాల్సింది.

సరే, నవ్వు పక్కన పెడితే, 1995లో బెర్రియోస్, లూకే అని ఇద్దరు డాక్టర్లు అప్పటిదాకా పుస్తకాల్లో ఎక్కిన 100 కేసులు ముందేసుకుని లెక్క తీసినారు. అందులో 89 శాతం మందికి డిప్రెషన్ ఉంది. 63 శాతం మందిలో నేనేదో పాపం చేసినా అనే తప్పు భావం. 55 శాతం మంది నాకు చావు రాదు అని కూడా నమ్మినారు. అంటే చచ్చిపోయినా అనేది, చావు రాదు అనేది ఎదురుబొదురు మాటలు కావు వాళ్ళకు, ఈ నరకం ఆగదు అనేది రెండు రకాలుగా చెప్పడం. చాలా అరుదు అన్న మాట మాత్రం నిజమే, హాంకాంగ్‌లో పెద్ద వయసు మానసిక రోగులు 349 మందిని చూస్తే ఇద్దరికి కనిపించింది. కానీ ఆ ఇద్దరి లాంటోళ్ళు మా పల్లెల్లో ఉంటే ఎవరు లెక్కపెట్టినారు?

లెక్కపెట్టకపోవడానికి కారణం ఉంది. మా పక్క ఏ ముసలామెను పలకరించినా "నేనెప్పుడో సచ్చిపోయిన్యా నాయనా, ఊరికే తిరుగుతాండా అంతే" అంటుంది. అది మాట వరసకు. వినీ వినీ మన చెవులకు అలవాటైపోయింది. మా పెద్దమ్మ కూడా మొదట అట్లే అన్నింది, ఎవరం పట్టించుకోలేదు, అందరు ముసిలోళ్ళు అనే మాటే కదా.

పెద్దమ్మది దువ్వూరు దగ్గర ఒక పల్లె. పసుపు పంట ఇల్లు, వాకిట్లో ఎప్పుడూ మనుషులు, ఆమె చేతి మీద నడిచిన ఇల్లు. పెద్దనాయన పోయినాక కొన్ని నెలలు బాగానే ఉన్నట్టు ఉంది. తర్వాత నిద్ర పోయింది, తెల్లారుజామున మూడుకే లేచి అరుగు మీద కూర్చునేది, ఎవరు వచ్చినా పలకదు. తర్వాత సంగటి ముద్ద సగమైంది, సగం పోయి రెండు వేళ్ళకు వచ్చింది. ఒక రోజు మా అక్క తినమని బతిమాలితే అప్పుడు బయటికి వచ్చింది అసలు మాట. "సచ్చినోళ్ళకు సంగటి పెడతారా యాడన్నా? పిండం పెట్టండి. నేను పోయి శానా దినాలైంది, మీరు దినాలు చేయల్య, కాకి ముట్టల్య, అందుకే ఈడనే తిరుగుతాండా."

ఇక్కడ గమనించండి, ఆమె చెప్పిందాంట్లో ఎక్కడా తిక్క లేదు. చచ్చిపోయింది, అయినా ఇంట్లోనే ఉంది, ఎందుకు ఉంది అంటే కర్మ జరగలేదు కాబట్టి. మన నమ్మకాల ప్రకారం చూస్తే ఒక్క లింకు కూడా తెగలేదు. ఆ మొదటి మాట ఒక్కటే తప్పు, దాని మీద కట్టిందంతా గట్టిగానే కట్టింది. ఒకటో తారీఖు పింఛను ఇచ్చేదానికి వస్తే వేలిముద్ర వేయనని మొండికేసింది, సచ్చినోళ్ళ పేరు మీద లెక్క తీసుకుంటే పాపం అని. గవర్నమెంటును మోసం చేయకూడదు అనే నీతి చచ్చిపోయినాక కూడా ఉన్న మనిషి మా పెద్దమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

ఇంక మా బావ వచ్చినాడు, అంటే ఆమె అల్లుడు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు, మంచోడు, కానీ ప్రతిదీ ప్రూవ్ చేయాలి. ఈ వ్యాసం మొదట్లో ఉన్న ప్రశ్న ఆయనదే. ఆమె ఏం చెప్పిందంటే "సచ్చినోళ్ళు మాట్లాడరని నీకెవురు చెప్పినారు నాయనా, నువ్వు సచ్చి చూసినావా?" ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేళ్ళు పెట్టి, ఇదిగో అత్తా, నాడి కొట్టుకుంటాంది చూడు అన్నాడు. "అది నాది కాదులే నాయనా, నీ ఏళ్ళే కొట్టుకుంటాండాయి" అన్నింది. నిజానికి ఫిజిక్స్ ప్రకారం అది కూడా కరెక్ట్ డౌటే, నాడి చూసేటప్పుడు మన వేలి నాడి మనకే తెలిసే ఛాన్స్ ఉంది, అందుకే బొటనవేలితో చూడొద్దంటారు. బావ ఆ రోజు చాలాసేపు వాదించినాడు. ఆమె అలసిపోయింది, ఆ రాత్రి మంచినీళ్ళు కూడా తాగలేదు.

వాదన ఎందుకు పని చేయదో మెదడు వైపు నుంచి చూస్తే బాగా తెలుస్తుంది, అందుకే ఆ సంగతి కొంచెం ఎక్కువ చెప్తా.

మన అమ్మను చూస్తే అమ్మ అని గుర్తుపట్టడం మనకు ఒకే పనిలా అనిపిస్తుంది కానీ లోపల రెండు పనులు జరుగుతాయి. ఆ మొహం ఎవరిదో తేల్చడం ఒకటి. ఆ మొహం చూడగానే మనసులో కలిగే మనది అనే కదలిక ఇంకోటి, ఆ కదలికకు ఒంట్లో కూడా గుర్తు ఉంటుంది, వేళ్ళకు సన్నగా చెమట పడుతుంది, మిషన్ పెడితే కొలవొచ్చు. నా షాపు భాషలో చెప్పాలంటే మొదటిది బిల్లు, రెండోది సరుకు. కాప్‌గ్రా సిండ్రోమ్ అని ఒకటుంది, 1923లో కాప్‌గ్రా అనే ఫ్రెంచి డాక్టరు రాసింది, అందులో బిల్లు వస్తుంది సరుకు రాదు. మొహం అమ్మదే, కానీ ఆ కదలిక లేదు, అందుకని ఈమె అమ్మ వేషం వేసుకున్న వేరే ఎవరో అంటారు. మన చెన్నైలో చదివి అమెరికా పోయిన వి.ఎస్. రామచంద్రన్, హర్‌స్టైన్ అని ఇంకొకాయనతో కలిసి 1997లో ఇట్లాంటి కేసు రాసినాడు. యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన మనిషి, అమ్మానాన్నలను ఎదురుగా చూస్తే డూప్‌లు అంటాడు, అదే వాళ్ళు ఫోన్ చేస్తే మామూలుగా మాట్లాడతాడు! చెవి దారి బాగుంది, కంటి దారిలోనే తెగింది. ఫొటోలు చూపించి చెమట కొలిస్తే, అమ్మానాన్నల ఫొటోలకు రావాల్సిన తేడా రాలేదు.

ఇప్పుడు ఆ కదలిక ఒక్క కంటి దారిలోనే కాకుండా అన్ని దారుల్లో ఆగిపోయిందనుకోండి. మనవడి మొహం చూసినా ఏమీ లేదు, పాట విన్నా లేదు, తిన్న కూడు రుచి లేదు, తన చెయ్యి తాను పట్టుకున్నా తనది అనిపించదు. గుండె కొట్టుకునేది, ఆకలయ్యేది, కడుపు నిండేది, ఇట్లా ఒంటి లోపలి కబుర్లు మెదడుకు అందే చోటు ఒకటుంది, ఇన్సులా అంటారు, ఆ పక్క కూడా తేడా ఉండొచ్చని కొందరి అనుమానం. ప్రపంచం అంతా అట్లే ఉంది, నాకు మాత్రం ఏదీ తగలడం లేదు, అప్పుడు మనిషి ఏమని చెప్పుకోవాలి? చచ్చిపోయినా అనేది అంత దూరపు జవాబేం కాదు. బావ చూపించిన నాడి ఆ తగలని ఒంటిలో నుంచే కదా రావాలి. ఆమెకు ఏది పోయిందో దాన్నే తెచ్చి సాక్ష్యం అని చూపిస్తే ఎట్లా నమ్ముతుంది?

1990 ప్రాంతంలో యంగ్ అనే బ్రిటన్ సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు చూసిన ఒక స్కాట్లాండ్ మనిషి కథ దీనికి బాగా సరిపోతుంది. మోటారు సైకిల్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ, మెదడు కుడి పక్క, ముందు భాగం రెండు పక్కలా డ్యామేజి. తెలిసిన మొహాలు, తెలిసిన బిల్డింగులు కూడా గుర్తుపట్టడం కష్టమైంది. ఆసుపత్రి నుంచి పంపించినాక వాళ్ళమ్మ ఆయన్ని సౌత్ ఆఫ్రికా తీసుకుపోయింది. అక్కడి ఎండ తగలగానే ఆయనకు డౌట్ తీరిపోయింది, నేను చచ్చినాను, ఇది నరకం, లేకపోతే ఇంత వేడి ఎందుకుంటుంది అని. మే నెలలో కడప ఏడు రోడ్ల దగ్గర దింపి ఉంటే ఇంకా త్వరగా నమ్మేసేవాడు. జోకు కాదు గానీ, చూడండి, కొత్త సాక్ష్యం వచ్చిన ప్రతిసారీ అది ఆ నమ్మకంలోకే పోయి కలుస్తుంది.

ఇంకో కేసు 2013లో బయటికొచ్చింది, గ్రాహం అని పిలుస్తారు ఆ బ్రిటన్ ఆయన్ని. డిప్రెషన్‌లో ఉండి స్నానాల తొట్లో కరెంటుతో ప్రాణం తీసుకోబోయినాడు, బతికినాడు, కొన్ని నెలల తర్వాత డాక్టర్ దగ్గరికి పోయి నా మెదడు చచ్చిపోయింది, కరెంటుకు వేగిపోయింది అన్నాడు. సిగరెట్లు మానేసినాడు, చచ్చినోడికి ఎందుకని. వాసన లేదు, రుచి లేదు. చావుకు దగ్గరగా ఉండొచ్చని పోయి శ్మశానంలో కూర్చునేవాడు. ఎక్సెటర్‌లో ఆడమ్ జీమన్, బెల్జియంలో స్టీవెన్ లారీస్ ఈ కేసు చూసినారు. పెట్ స్కాన్ అని, మెదడు ఎక్కడెక్కడ ఎంత గ్లూకోజు వాడుకుంటుందో చూపించే స్కాన్ తీస్తే, ముందు భాగంలో, పైభాగంలో చాలా చోట్ల పని బాగా పడిపోయి ఉంది, మత్తు ఇచ్చిన మనిషిలోనో నిద్రలో ఉన్న మనిషిలోనో ఉండేంత తక్కువ. మనం ఊరికే కూర్చుని మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే భాగాలు ఉంటాయి, డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటారు, పని పడిపోయిన ఆ చోట్లలో అవి కూడా ఉన్నాయి. మనిషేమో లేచి నిలబడి మాట్లాడతాండాడు.

ఈ స్కాన్ ఫొటో పెట్టుకుని యూట్యూబోళ్ళు "సైన్స్ ప్రూవ్ చేసింది, అతని మెదడు నిజంగానే చచ్చిపోయింది" అని ఊదరగొట్టినారు. అది అబద్ధం. పని తగ్గడం వేరు, చావడం వేరు. పైగా అది ఒక్క మనిషి స్కాన్, ఆయన ఆ టైంలో బోలెడు మందుల మీద ఉన్నాడు, ఆ మందులు కూడా స్కాన్‌ను మార్చుతాయి, ఆ డాక్టర్లే ఈ మాట రాసినారు. మందులతో, కౌన్సెలింగ్‌తో ఆయన నిదానంగా చాలావరకు కోలుకున్నాడు కూడా, చచ్చిన మెదడైతే ఎట్లా తిరిగొస్తుంది?

ఇక్కడ నాకు ఇంకో గొడవ ఉంది. ఆ కదలిక పోవడం ఒక్కటే కారణం అయితే కాప్‌గ్రా ఆయన నేను చచ్చినా అనాలి కదా, లేదా మా పెద్దమ్మ మా అక్కను చూసి నువ్వెవరు అనాలి కదా. ఒకే లోటు, రెండు కథలు ఎందుకు? మ్యాక్స్ కోల్ట్‌హార్ట్ లాంటివాళ్ళు రెండు దెబ్బలు కావాలి అంటారు, ఒకటి ఆ వింత అనుభవం తెచ్చేది, రెండోది వచ్చిన పిచ్చి ఆలోచనను తోసిపుచ్చే బ్రేకు ఫెయిలయ్యేది. యంగ్ వాళ్ళు ఇంకో మాట కలిపినారు, అనుమానం ఎక్కువ ఉన్న మనిషి తప్పు ఎదుటోళ్ళ మీద వేస్తాడు, కాబట్టి వాళ్ళు డూప్‌లు అంటాడు, డిప్రెషన్‌లో ఉన్న మనిషి ప్రతి తప్పూ తన మీదే వేసుకుంటాడు, కాబట్టి నేనే లేను అంటాడు. నాకు ఇదే నిజం అనిపిస్తుంది, ఎందుకంటే పెద్దమ్మ జబ్బుకు ముందు నుంచీ అట్లాంటిదే, పెద్దనాయనను టయానికి ఆసుపత్రికి తీసుకుపోలేదు, నా వల్లే పోయినాడు అని లోపల్లోపల కుమిలింది. స్కాన్‌లో నల్లగానో నీలంగానో కనిపించే భాగం గురించి అందరూ మాట్లాడతారు, ఈ కుమిలిపోవడం గురించి ఎవరూ వీడియో చేయరు, అది థంబ్‌నెయిల్‌కు పనికిరాదు.

మెడికల్ షాపోడిగా నాకు ఒళ్ళు జలదరించింది మాత్రం వేరే కథ. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ మనం రోజూ అమ్మేవే, అక్కి లేస్తే డాక్టర్లు రాసేవి. (మా పక్క ఇప్పటికీ సగం మంది ముందు కుమ్మరాయన దగ్గర జాజుతో అక్కి రాయించుకుని, తగ్గకపోతే షాపుకొస్తారు.) ఈ మందు ఒంట్లో కొంచెం మారి సీఎంఎంజీ అనే పదార్థం అవుతుంది, అది కిడ్నీల గుండా బయటికి పోవాలి. కిడ్నీలు పాడైన మనిషిలో అది పేరుకుపోతుంది. స్వీడన్‌లో హెల్డెన్, లిండెన్ అని ఇద్దరు డాక్టర్లు, ఈ మందు వాడినాక నేను చచ్చిపోయినా అన్న పేషెంట్లలో సీఎంఎంజీ ఎక్కువ ఉండటం గమనించినారు. కిడ్నీలు పోయిన ఒకామె అట్లే గాబరాగా ఆసుపత్రికి వచ్చింది, డయాలసిస్ పెడితే కొన్ని గంటల్లోనే, చచ్చినానో లేదో సరిగ్గా తెలీడం లేదు అనే దాకా వచ్చింది, ఇంకొన్ని గంటలకు చచ్చినట్టు లేను అన్నింది, కానీ ఎడమ చెయ్యి మాత్రం నాది కాదు అన్నింది, మరుసటి రోజుకు అదీ పోయింది. ఎవరూ ఆమెతో వాదించలేదు, రక్తం కడిగినారు అంతే. అప్పటి నుంచి పెద్ద వయసోళ్ళు ఆ చీటీ తెస్తే కిడ్నీ ప్రాబ్లం ఉందా, డాక్టరుకు చెప్పినారా అని అడక్కుండా ఇవ్వను, విసుక్కుంటే విసుక్కోనీ.

పెద్దమ్మను మొదట కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకుపోయినారు, తర్వాత కడప పెద్దదర్గాకు. చాలామంది ఇక్కడ మూఢనమ్మకం అని లెక్చర్ మొదలుపెడతారు, నేను పెట్టను. దర్గాలో ఎవరూ ఆమెను నువ్వు చావలేదు అని అడ్డుకోలేదు, తలమీద చెయ్యి పెట్టి పక్కన కూర్చున్నారు, దారిలో కొబ్బరినీళ్ళు తాగింది. నా కంప్లైంటు అల్లా ఒకటే, అక్కడితో ఆపి ఇంటికి తీసుకొచ్చినారు, ఇంకో రెండు వారాలు పోయినాయి, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి కళ్ళు లోపలికి పోయినాయి. అప్పుడు కడపలో సైకియాట్రీ డాక్టరు దగ్గరికి పోయినాం. ఆయన ఆమెను ఒక్క మాట కాదనలేదు. "ఎప్పటి నుంచి అట్లా అనిపిస్తాంది అమ్మా? నొప్పి ఏమైనా ఉందా? భయంగా ఉందా?" అని అడిగినాడు. భయంగా ఉంది అన్నింది. మా ఎవరితోనూ ఆ మాట అనలేదు ఆమె, మేమెవరం అడగలేదు కాబట్టి. సెలైన్ పెట్టినారు, మందులు మొదలుపెట్టినారు, తిండి మానేసింది కాబట్టి మందులు పనిచేసేదాకా ఆగలేం, ఈసీటీ మేలు అన్నాడు.

ఈసీటీ అంటే కరెంటు షాక్ ట్రీట్‌మెంట్. ఆ మాట వినగానే ఇంట్లో ఏడుపులు, మన సినిమాల పుణ్యం, కట్టేసి షాకిస్తే మనిషి గిలగిల కొట్టుకునే సీన్ అందరి బుర్రలో ఉంది. ఇప్పుడు అట్లా చేస్తే చట్టం ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయకూడదు. మనిషి నిద్రలో ఉంటుంది, కొన్ని సెకన్ల కరెంటు, లేచినాక కాసేపు తికమక, ఆ రోజుల సంగతులు కొన్ని మర్చిపోవడం, అది నిజమైన సైడ్ ఎఫెక్టే, దాచాల్సిన పని లేదు. వారానికి రెండు మూడు సార్లు చేస్తారు, మామూలుగా ఆరు నుంచి పన్నెండు సార్లు. తిండి నీళ్ళు మానేసిన ఇట్లాంటి డిప్రెషన్‌కు దీనంత త్వరగా పనిచేసేది ఇంకోటి కష్టం, కొటార్ కేసుల్లో కూడా ఎక్కువగా బాగైనట్టు రాసింది దీనితోనే. పెద్దమ్మ కొన్ని సార్లు అయినాక ఒక పొద్దున కాఫీ అడిగింది, చక్కెర తక్కువైందని తిట్టింది కూడా.

ఎవరింట్లోనైనా పెద్దోళ్ళు ఇట్లా మాట్లాడుతూ తిండి తగ్గిస్తుంటే, యాడికి పోవాలో తెలీకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అని 2022లో సెంట్రల్ గవర్నమెంటు పెట్టింది, తెలుగులో మాట్లాడతారు, దుడ్లు అడగరు. ప్రాణం తీసుకునే మాట వస్తే ఫోన్లు కూడా కాదు, నేరుగా పెద్దాసుపత్రికే.

బావ ఇప్పుడు ఇంకో వాదన ఎత్తుకున్నాడు, ఇంత ప్రత్యేకమైన జబ్బును ఒక మామూలు డిప్రెషన్ కింద ఎట్లా కలిపేస్తావ్, దీనికి సపరేటు పేరు, సపరేటు రీసెర్చి కావాలి అని. రీసెర్చి కావాలి, కాదనను. కానీ డాక్టర్లు జబ్బులకు పేర్లు పెట్టేదానికి చూసుకునే పుస్తకాలు, అమెరికావాళ్ళ డీఎస్ఎంలో గానీ, డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ ఐసీడీలో గానీ కొటార్‌కు సొంత నంబరు లేదు, ఏ జబ్బులో భాగంగా వచ్చిందో ఆ జబ్బు కిందే రాస్తారు, నాకు అదే సబబు అనిపిస్తుంది, ఎందుకంటే అరుదైన జబ్బు అని బోర్డు పెడితే జనాలు చూడ్డానికి వస్తారు, డిప్రెషన్ అని రాస్తే మందు ఇస్తారు. పెద్దమ్మ చీటీ మీద కూడా కొటార్ అనే పేరే లేదు, సివియర్ డిప్రెషన్ విత్ సైకోటిక్ సింప్టమ్స్ అని ఉంది. ఆ మాత్రలు నెలనెలా నా షాపు నుంచే పోతాయి, మా తమ్ముడు వచ్చి తీసుకుపోతాడు, బాగైంది గదన్నా ఇంకా ఎందుకు ఇవి అని వచ్చిన ప్రతిసారీ అడుగుతాడు, డాక్టరు ఆపమన్నాడా అంటే లేదంటాడు, అయితే తీసుకుపో అని కవర్లో వేసిస్తా.